శుద్ధ ధన్యాసి విన్న చెవికి బ్లూస్ పరాయిదా?

గిటార్‌పై లీడ్ నేర్చుకునే మదురై తెలుగింటి పిల్లలకు సగం పాఠం ఇంట్లోనే ఉంది

మదురై: సెప్టెంబర్ 16. 1916లో ఆ రోజున మదురైలో వీణ విద్వాంసురాలు షణ్ముఖవడివు ఇంట ఎం.ఎస్.సుబ్బులక్ష్మి పుట్టారు. తొమ్మిదేళ్ల తర్వాత, 1925లో సరిగ్గా అదే తేదీన, అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో పత్తి చేలను పాలికి చేసుకుని బతికే ఓ నల్లజాతి కుటుంబంలో రైలీ బి.కింగ్ పుట్టాడు. లోకానికి ఆయన బి.బి.కింగ్. ఆవిడది గొంతు, ఈయనది గిటార్. పుట్టినరోజు కలవడం కాకతాళీయమే అనుకోండి. అంతకంటే ఆశ్చర్యపరిచే సంగతి మరొకటుంది.

తిరుమల తిరుపతి దేవస్థానం కోసం ఎం.ఎస్. పాడిన అన్నమయ్య సంకీర్తనల్లో 'భావములోన' ఒకటి. రాగం శుద్ధ ధన్యాసి. స గ మ ప ని... ఐదే స్వరాలు. బి.బి.కింగ్ లాంటి బ్లూస్ వాద్యకారులు గిటార్‌పై సోలో ఎత్తుకున్నప్పుడు వేళ్లు మొట్టమొదట వెతుక్కునే ఐదు స్వరాలూ అవే! వాళ్లు దాన్ని మైనర్ పెంటటోనిక్ అంటారు. పేరు మారింది, స్వరస్థానాలు మారలేదు.

మదురైలో తెలుగు మాట్లాడే ఇళ్లకు ఈ సంగతి బాగా పనికొస్తుంది. 1529లో విశ్వనాథ నాయకుడి పాలన మొదలైన నాటి నుంచీ తరతరాలుగా వచ్చి స్థిరపడ్డ కుటుంబాలివి. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. పొద్దున్నే అవ్వ క్యాసెట్ పెట్టుకునే రోజులు పోయి ఫోన్లో పెట్టుకునే రోజులొచ్చాయి గానీ, వినబడే గొంతు మాత్రం అదే. పక్క గదిలో మనవడు గిటార్ ఒళ్లో పెట్టుకుని, ఇంటర్నెట్‌లో దొరికిన పాఠం చూస్తూ, అవే ఐదు స్వరాలను ఇంగ్లిష్ పేర్లతో బట్టీ పడుతుంటాడు. ఆవిడకు అది గోల, వాడికి ఇది పాత పాట. మధ్యలో ఉన్నది ఒక్క గోడే.

లిక్ అంటే ఏంటి?

లిక్ అంటే ఒక చిన్న సంగీత వాక్యం. మూడు నాలుగు సెకన్లలో అయిపోతుంది. కచేరీ భాషలో చెప్పాలంటే, వినగానే రాగం పట్టిచ్చే ప్రయోగం లాంటిది. సోలో అంటే అలాంటి వాక్యాలను ఒకదాని వెంట ఒకటి పేర్చి చెప్పే కథ. వెనక ఇంకొకరు మూడు నాలుగు స్వరాలను కలిపి ఒకేసారి మోగిస్తూ ఆధారం ఇస్తుంటారు. అవి కార్డ్స్. ముందుండి కథ చెప్పేది లీడ్ గిటార్.

నేర్చుకునేవాళ్లు బోర్లా పడేది ఇక్కడే. యాభై లిక్స్ నేర్పే వీడియో చూసి యాభైనీ బట్టీ పడతారు. వేళ్లు పరుగెత్తుతాయి. ఎవరైనా పక్కన కూర్చుని కార్డ్స్ వాయిస్తూ 'ఏదైనా చెప్పు' అంటే మాత్రం నోరు పెగలదు! నిఘంటువులోంచి యాభై మాటలు కంఠతా పట్టినవాడికి తెలుగు మాట్లాడటం వచ్చేస్తుందా? ఏ మాట ఎప్పుడు, ఎవరితో, ఎంత మెల్లగా అనాలో తెలియాలి కదా. కొన్ని నెలలు ఇలా నడిచాక గిటార్ బీరువా పైకెక్కుతుంది. డబ్బు పోవడం సరే, 'నాకు సంగీతం రాదు' అన్న మాట వాడి నోట పడటం అంతకంటే పెద్ద నష్టం. నిజానికి వాడి చెవికి వచ్చు. వచ్చన్న సంగతి వాడికెవరూ చెప్పలేదంతే.

పత్తి చేలల్లో పుట్టిన పాట

బ్లూస్ అమెరికా దక్షిణాది నల్లవాళ్ల పాట. 1865లో బానిసత్వం చట్టరీత్యా పోయింది గానీ వాళ్ల బతుకులు మారలేదు. పత్తి చేలల్లో, రైలు పట్టాల పనుల్లో, జైలు కూలీల గుంపుల్లో ఒకడు ఎత్తుకుంటే పదిమంది అందుకునే పాటల్లోంచి, చర్చి పాటల్లోంచి 19వ శతాబ్దం చివర్లో ఇది రూపు కట్టింది. డబ్ల్యు.సి.హ్యాండీ అనే బ్యాండ్ మాస్టర్ 1903 ప్రాంతంలో మిసిసిపీలోని టట్‌వైలర్ స్టేషన్లో రైలు కోసం కాచుకుని ఉండగా, చినిగిన బట్టల్లో ఉన్న ఒకతను గిటార్ తీగలపై కత్తి జారుస్తూ పాడటం విన్నాడు. మెట్ల మీద వేలు పెట్టకుండా తీగపై కర్రముక్క జార్చే మన గోటువాద్యం గుర్తొస్తుంది ఇది వింటే. ఆ పాట హ్యాండీని వదల్లేదు. 1912లో 'మెంఫిస్ బ్లూస్', 1914లో 'సెయింట్ లూయిస్ బ్లూస్' ఆయన పేరుతో అచ్చయ్యాయి.

మదురై చుట్టుపక్కల ఊళ్లలో రాజకంబళ నాయకుల దేవరాట్టం చూసినవాళ్లకు ఉరుమి తెలుసు. వంపు కర్రతో చర్మాన్ని రుద్దితే వాద్యం మూలుగుతుంది. అదొక స్వరం అని చెప్పలేం, రెండు స్వరాల నడుమ ఎక్కడో ఉంటుంది. బ్లూస్ గుట్టు కూడా ఆ నడుమనే ఉంది.

ఐదో మెట్టు దగ్గర

గిటార్ మెట్టును ఫ్రెట్ అంటారు. లీడ్ నేర్పేవాళ్లు సాధారణంగా ఐదో మెట్టు దగ్గర మొదలుపెడతారు. అక్కడ 'ఎ' స్వరం స అవుతుంది. లావుపాటి ఆరో తీగపై 5, 8 మెట్లు. ఐదు, నాలుగు, మూడు తీగలపై 5, 7. రెండు, ఒకటి తీగలపై మళ్లీ 5, 8. మొత్తం పన్నెండు చోట్లు. వరసగా మీటితే వచ్చేది ఇది: స గ, మ ప, ని స, గ మ, ప ని, స గ. అంతే! సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, పంచమం, కైశికి నిషాదం. సరళీ వరుసలు నేర్చుకున్న చెల్లెలు ఇంట్లో ఉంటే ఈ వరస అన్నకంటే ముందు తనే పాడేస్తుంది.

దీనికి ఒక్క స్వరం చేరిస్తే బ్లూస్ స్కేల్. మ, ప నడుమ ప్రతి మధ్యమం. ఐదో తీగపై 6వ మెట్టు, మూడో తీగపై 8వ మెట్టు. అక్కడ మకాం పెట్టకూడదు. గడప లాంటిది, దాటిపోవాలి.

ఇక తీగ లాగడం. ఇంగ్లిష్‌లో బెండ్. మూడో తీగ 7వ మెట్టుపై ఉంగరం వేలు పెట్టి మ మీటాలి. మీటిన తీగను ప వినబడేదాకా పైకి నెట్టాలి. సరిగ్గా వచ్చిందో లేదో తెలుసుకోవడానికి పక్కింటికి పోనక్కర్లేదు, రెండో తీగ 5వ మెట్టు దగ్గరే ప ఉంది. ముందు అది మీటి చెవిలో పెట్టుకుని, తర్వాత దీన్ని నెట్టాలి. ఒంటి వేలితో నెడితే వేలు పోతుంది. వెనక నడిమి వేలు, చూపుడు వేలు కూడా ఆనించి, మణికట్టు తిప్పాలి, తాళం చెవి తిప్పినట్టు. కొత్తవాళ్ల బెండ్ నూటికి తొంభైసార్లు కాస్త తక్కువ దగ్గరే ఆగిపోతుంది. ఇక్కడే ఇంటి చెవి పనికొచ్చేది. ప చేరని పంచమాన్ని అవ్వ వంటింట్లోంచే పట్టేస్తుంది.

ఇంకో చిన్న లాగుడుంది. మూడో తీగ 5వ మెట్టు దగ్గర గాంధారం మీటి, తీగను వెంట్రుకవాసి కదపాలి. సాధారణ గాంధారం దాటాలి, అంతర గాంధారం చేరకూడదు. పియానో దగ్గర ఆ చోటుకు మీట లేదు. వినడానికి అదొక చిన్న మూలుగు. ఆ గాంధారం పలికిందంటే బ్లూస్ పలికినట్టే.

ఎట్టయాపురం పుస్తకం

తీగ లాగడం గిటార్‌తో వచ్చిన విద్య కాదు. వీణ మీద జరిగేదంతా అదే. షణ్ముఖవడివు మదురైలో వాయించిన వీణలోనూ ఒకే మెట్టు మీద తీగ లాగి పై స్వరాలు పలికించడం ఉంది. దానికి పేర్లున్నాయి, గుర్తులున్నాయి. వాటిని పుస్తకంలో పెట్టిన ఊరు మదురైకి దక్షిణాన, ఇప్పటి తూత్తుకుడి జిల్లాలోని ఎట్టయాపురం. ఆ జమీందార్ల ఇంటి భాష తెలుగు. ముత్తుస్వామి దీక్షితులు 1835లో కన్నుమూసింది ఆ ఊళ్లోనే. ఆయన తమ్ముడు బాలుస్వామి దీక్షితులు ఆస్థాన విద్వాంసుడిగా ఉన్నదీ అక్కడే. మద్రాసులో యూరోపియన్ వాద్యకారుడి దగ్గర వయొలిన్ నేర్చుకుని, దాన్ని కర్ణాటక సంగీతంలోకి తెచ్చినవాళ్లలో బాలుస్వామి తొలివరసలో ఉంటారు. పరాయి తీగ వాద్యం ఒకటి తెలుగు జమీ ఆస్థానంలో కొలువు తీరి అప్పుడే రెండు వందల ఏళ్లు కావస్తోంది. ఇవాళ వయొలిన్ లేని కచేరీ ఉందా? గిటార్ చూసి ముఖం చిట్లించే పెద్దలు ఒక్కసారి ఎట్టయాపురం వైపు చూడాలి.

ఆ వంశంలోని సుబ్బరామ దీక్షితులు 1904లో 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' అచ్చు వేయించారు. తమిళ దేశం నడిబొడ్డున, ఎట్టయాపురంలో, తెలుగు లిపిలో! ప్రతి స్వరం మీదా గమకానికి గుర్తు పెట్టడం ఆ పుస్తకం ప్రత్యేకత. గిటార్ పాఠాల్లో కనబడే గుర్తులను దాని పక్కన పెట్టి చూస్తే సరదాగా ఉంటుంది. గిటార్‌వాళ్లు స్లైడ్ అనేది ఇక్కడ జారు. వైబ్రాటో అంటే తీగను ఉన్నచోటే ఊపడం, అది కంపితానికి చుట్టం. మీటకుండా వేలితో కొట్టి పై స్వరం పలికించే హ్యామర్ ఆన్ స్ఫురితానికి దగ్గరగా, వేలు లాగేసి కింది స్వరం పలికించే పుల్ ఆఫ్ ప్రత్యాఘాతానికి దగ్గరగా వస్తాయి. బెండ్‌కు ఒదుక్కల్. తమిళం వచ్చిన మదురై పిల్లలకు ఈ మాటను విడమరచి చెప్పక్కర్లేదు, పక్కకు నెట్టడం అనేగా! అచ్చంగా ఒకటే అనలేం. పోలిక మాత్రం గట్టిది.

తేడా ఎక్కడంటే, శుద్ధ ధన్యాసిలో గాంధార నిషాదాలు గమకంతో ఊగుతాయి. బ్లూస్‌లో తీగ ఒకసారి లాగితే అక్కడికి చేరి నిలబడుతుంది, ఆ తర్వాతే వణుకుతుంది. కర్ణాటక ఊపు మొత్తం తెచ్చి ఇక్కడ పెడితే వినసొంపుగానే ఉంటుంది గానీ బ్లూస్ అనిపించుకోదు. శక్తి బృందంలో జాన్ మెక్‌లాఫ్లిన్ గమకాల కోసం మెట్ల నడుమ చెక్కను గుంటలుగా తొలిపించిన గిటార్ వాడాడు. అటు నుంచి ఇటు రావడానికి ఆయన చెక్క తొలిపించుకోవాల్సి వచ్చింది. ఇటు నుంచి అటు పోయే మదురై కుర్రాడు తన ఊపును కొంచెం తగ్గించుకుంటే చాలు.

తంబూరా కదలదు, ఇక్కడ నేల కదులుతుంది

ఇప్పటిదాకా చెప్పినదంతా చేతిలో ఉన్నదే. ఇక చేతిలో లేనిది. కచేరీలో తంబూరా స ప స అంటూ మొదటి నుంచి చివరిదాకా ఒకేచోట ఉంటుంది. ఏ స్వరం పాడినా ఆ నేల మీద నిలబడి పాడటమే. బ్లూస్‌లో ఆ నేల కదులుతుంది. వెనక కార్డ్స్ కాసేపు స మీద, కాసేపు మ మీద, కాసేపు ప మీద నిలబడతాయి. మన చెవికి అలవాటు లేనిది ఇదొక్కటే. వీడియో పాఠాలు హడావుడిగా దాటేసేదీ దీన్నే.

ఉదాహరణకు గాంధారాన్నే తీసుకుందాం. స మీద ఉన్న 'ఎ సెవెన్' కార్డులో అంతర గాంధారం ఉంది. దాని మీద లీడ్ గిటార్ సాధారణ గాంధారం మీటితే రెండూ ఒరుసుకుంటాయి. ఆ ఒరిపిడే బ్లూస్ రుచి, అందుకే అక్కడ తీగను వెంట్రుకవాసి లాగేది. అదే స్వరాన్ని, కార్డు మ మీదికి, అంటే 'డి సెవెన్' మీదికి మారాక మీటి చూడండి. ఆ కార్డులో ఈ గాంధారం సొంత మనిషి. ఒరిపిడి ఉండదు, ఇంటికొచ్చి చాప మీద కూర్చున్నట్టుంటుంది. వేలు కదల్లేదు, మెట్టు మారలేదు, అర్థం మారిపోయింది! ఇది ఒక్కసారి చెవికి అందితే యాభై లిక్స్ అక్కర్లేదు, ఐదు చాలు.

ఈ కదలికకు ఒక లెక్క ఉంది. పన్నెండు బార్లు, బారుకు నాలుగు దెబ్బలు, వెరసి 48. ఆది తాళం ఎనిమిది అక్షరాలు కాబట్టి సరిగ్గా ఆరు ఆవర్తనాలు. మొదటి రెండు ఆవర్తనాలు స మీద. మూడోది మ మీద. నాలుగోది మళ్లీ స. ఐదోది సగం ప, సగం మ. ఆరోది స. తాళం వేయడం వచ్చిన వాళ్లు ఎవరైనా గిటార్ ముట్టకుండానే తొడ మీద దరువు వేస్తూ ఈ చక్రం తిప్పొచ్చు. ఇంగ్లిష్ పుస్తకంలో గడుల బొమ్మ చూసి బెదిరిపోయే పిల్లలకు ఈ దారి తేలిక.

నడక సంగతికొస్తే, షఫుల్ అనే బ్లూస్ నడక తిశ్రమే. ప్రతి దెబ్బా త-కి-ట. త మీటాలి, కి మింగాలి, ట మీటాలి. ఆ మింగడంలోనే ఊపంతా. దీన్ని చతురశ్రంలో వాయించేశారంటే స్వరాలన్నీ కరెక్టే అయినా పాట చప్పబడిపోతుంది.

మాటకు వంత

బ్లూస్ పాటలో మామూలుగా మూడు పాదాలుంటాయి. మొదటి పాదం అంటారు, దాన్నే మళ్లీ అంటారు, మూడో దాంతో ముడి విప్పుతారు. ఒక్కో పాదానికి నాలుగు బార్లు దొరికితే గొంతు రెండు బార్లు తీసుకుంటుంది. మిగతా రెండూ గిటార్‌వి. గిటార్ అక్కడ జవాబు చెబుతుంది. బుర్రకథలో వంత అందుకున్నట్టు, కచేరీలో గాత్రం ఆగగానే వయొలిన్ అందుకున్నట్టు. లిక్ పుట్టింది ఈ ఖాళీ కోసమే. ఖాళీ లేని చోట లిక్ వాయించడం అంటే ఎదుటివాళ్లు మాట్లాడుతుండగా మధ్యలో దూరడమే.

బి.బి.కింగ్ ఈ మర్యాదకు పెట్టింది పేరు. పాడేటప్పుడు వాయించడు, వాయించేటప్పుడు పాడడు. తనకు కార్డ్స్ అంతగా రావని ఆయనే చెప్పుకునేవాడు. బంధువు బుక్కా వైట్ లాగా తీగపై లోహపు గొట్టం జార్చి వాయించడం చేతకాక, ఆ వణుకును వేలితోనే రప్పించే ప్రయత్నంలో తన వైబ్రాటో సంపాదించాడు. చేతకానితనంలోంచి వచ్చిన ఆ వణుకే తర్వాత లోకమంతా అనుకరించే ముద్ర అయింది. 1949లో ఆర్కాన్సా రాష్ట్రం ట్విస్ట్ అనే ఊళ్లో ఆయన వాయిస్తున్న హాలులో ఇద్దరు కొట్లాడుకుని కిరోసిన్ కుంపటి తన్నేశారు. హాలు అంటుకుంది. బయటికొచ్చేసిన కింగ్ గిటార్ కోసం మళ్లీ మంటల్లోకి పోయాడు. ఆ కొట్లాట లూసిల్ అనే ఆమె కోసమని మర్నాడు తెలిసింది. ఇంకెప్పుడూ అంత పిచ్చిపని చేయకూడదని గుర్తుండటానికి గిటార్‌కు ఆ పేరే పెట్టాడు. 2015లో కన్నుమూసేదాకా ఆయన ప్రతి గిటారూ లూసిలే.

నేర్చుకునేవాళ్లు ఆయన 1969లో విడుదల చేసిన 'ద థ్రిల్ ఈజ్ గాన్'తో మొదలుపెట్టడం మంచిది. నెమ్మదైన పాట. పైగా మైనర్ బ్లూస్, అంటే స మీది కార్డులోనే సాధారణ గాంధారం ఉంది కాబట్టి పైన చెప్పిన ఒరిపిడి తక్కువ. శుద్ధ ధన్యాసి విన్న చెవి నేరుగా లోపలికి పోతుంది. ఐదో మెట్టు దగ్గరి బొమ్మనే రెండు మెట్లు పైకి జరిపి ఏడో మెట్టు దగ్గర పెట్టుకుంటే చాలు. ఎన్ని స్వరాలు వాయించాడో కాదు, ఎక్కడెక్కడ ఊరుకున్నాడో లెక్కపెట్టాలి.

చెవి ముందు, కాగితం తర్వాత

లిక్స్‌ను ట్యాబ్ అనే పద్ధతిలో రాస్తారు. ఆరు గీతలు, మెట్ల అంకెలు. ఏ తీగ, ఏ మెట్టు అన్నది చెబుతుంది. ఎంత మెల్లగా లాగాలి, ఎక్కడ ఊపిరి తీయాలి అన్నది చెప్పదు. సుబ్బరామ దీక్షితుల గుర్తులైనా అంతే, పాట విన్నవాడికే అవి పలుకుతాయి.

పాలకొల్లులో 1969లో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ గురువు రుద్రరాజు సుబ్బరాజుకు మాండొలిన్ రాదు! ఆయన పాడేవారు, పిల్లవాడు విని తీగ మీద పలికించేవాడు. అంతే పాఠం. వేలు ఎక్కడ పెట్టాలో చెప్పేవాళ్లు లేకపోవడంతో, వినబడ్డ గమకాన్ని తానే వెతుక్కున్నాడు. ఆ పిల్లవాడే ఐదు తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్‌తో కర్ణాటక కచేరీలు చేసి, తర్వాత రిమెంబర్ శక్తిలో మెక్‌లాఫ్లిన్ గిటార్ పక్కన కూర్చున్నాడు. 2014లో 45 ఏళ్లకే వెళ్లిపోయాడు.

మదురైకి ఇంకా దగ్గరి మనిషి ఇళయరాజా. అప్పటి మదురై జిల్లా, ఇప్పటి తేని జిల్లాలోని పణ్ణైపురం. అన్న పావలర్ వరదరాజన్ బృందంతో ఊరూరా తిరిగి పాటను చెవితో పట్టారు. 1968లో మద్రాసు చేరాక ధనరాజ్ మాస్టర్ దగ్గర పాశ్చాత్య సంగీతం కాగితం మీద నేర్చుకున్నారు. లండన్ ట్రినిటీ కాలేజీ క్లాసికల్ గిటార్ పరీక్ష రాశారు. సలీల్ చౌదరి దగ్గర గిటార్ వాయించారు. ఆ తర్వాతి కథ తెలుగువాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. 'సాగర సంగమం' (1983), 'రుద్రవీణ' (1988) రెంటికీ జాతీయ అవార్డులు. చెవి ముందు, కాగితం తర్వాత. ఆ వరస తిరగబడితే కష్టమే.

మదురై తెలుగుకు ఈ వరస కొత్తేం కాదు. 2006లో బడుల్లో తమిళం తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. అంతకు ముందు నుంచే చాలా ఇళ్లలో తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. భాష చెవి ద్వారానే ఒక తరం నుంచి ఇంకో తరానికి వస్తోంది. ఎట్టయాపురంలో అచ్చయిన ఆ తెలుగు పుస్తకాన్ని చదవాలంటే ఇవాళ్టి ఎట్టయాపురం తెలుగు పిల్లల్లో చాలామందికి తమిళమో ఇంగ్లిషో కావాలి. అది బాధాకరమే. కానీ అక్షరం లేకుండా యాసతో సహా మాట పట్టుకున్న పిల్లవాడికి, లిక్‌ను యాసతో సహా పట్టుకోవడం కష్టం కాకూడదు. చేయాల్సింది ఒక్కటే. లిక్‌ను ముందు నోటితో పాడాలి. స గ మ అని పాడినా సరే, లా లా అన్నా సరే. నోటికి వచ్చాకే తీగ మీద వెతకాలి. రోజూ ఇరవై నిమిషాలు, ఒక్క లిక్, మూడు చోట్ల: కార్డు స మీద ఉన్నప్పుడు, మ మీద ఉన్నప్పుడు, ప మీద ఉన్నప్పుడు. వారానికి రెండు లిక్స్ దాటనక్కర్లేదు. మధ్యలో ఓ రోజు అవ్వ ఫోన్ తెచ్చుకుని 'భావములోన' పెట్టి, ఆవిడ స ఎక్కడుందో గిటార్‌పై పట్టుకుని వెంట నడవడం కూడా అభ్యాసమే.

మన దేశంలో బ్లూస్ వినేవాళ్లు లేరనుకోవడమూ పొరపాటే. షిల్లాంగ్‌లో 2003లో పుట్టిన సోల్‌మేట్ బృందం 2007లో మెంఫిస్‌లో జరిగిన అంతర్జాతీయ బ్లూస్ పోటీకి వెళ్లొచ్చింది. రూడీ వాలాంగ్ లీడ్ గిటార్ వినదగ్గది. ముంబైలో 2011లో మొదలైన మహీంద్రా బ్లూస్ పండుగకు షికాగో నుంచి బడీ గై అంతటివాడు వచ్చాడు. పరీక్ష కావాలనుకునే తల్లిదండ్రులకు ట్రినిటీ వాళ్లే రాక్ అండ్ పాప్ పేరుతో గిటార్ గ్రేడ్లు పెడుతున్నారు. అయితే సర్టిఫికెట్ కోసమే నేర్పిస్తే పాట వస్తుందన్న హామీ లేదు.

కొనేముందు

చివరగా తీగల మాట. దుకాణంలో మొదట చేతికిచ్చేది సాధారణంగా మామూలు చెక్క గిటార్, దాని మొదటి తీగ అంగుళంలో వెయ్యింట 12 వంతుల మందం ఉంటుంది. దాని మీద మ నుంచి ప దాకా లాగడం పెద్దవాళ్లకే కష్టం, పన్నెండేళ్ల పిల్లలకు వేళ్లు కోసుకుపోతాయి. తప్పు వాళ్లది కాదు, తీగది. ఎలక్ట్రిక్ గిటార్‌కు వెయ్యింట 9 వంతుల తీగలు వేయిస్తే లాగుడు చాలా తేలిక. చెక్క గిటారే ఉంటే సన్న తీగల సెట్ అడగాలి, తీగలకూ మెట్లకూ మధ్య ఎత్తు తగ్గించి ఇమ్మనాలి. ఎలక్ట్రిక్‌కు పెద్ద స్పీకర్ అక్కర్లేదు, హెడ్‌ఫోన్ పెట్టుకునే చిన్న యాంప్లిఫయర్ ఉంటే పక్కింటివాళ్లతో పేచీ ఉండదు. మదురై ఎండకు చేతి చెమట తీగలను తొందరగా తుప్పు పట్టిస్తుంది. వాయించాక పొడిగుడ్డతో ఒకసారి తుడిచి పెడితే, బెండ్లు ఎక్కువ పడే మూడో తీగ ఇంకొన్నాళ్లు నిలుస్తుంది.